కొత్త బూట్లు తేకండి

ఎగ్‌బెర్ట్ గారూ,
మీ మూడు పేజీల ప్రశ్నలు అందాయి.
మా అక్క కూతురు బురుల్చా చదివి వినిపించింది.
తుపాకీ గురించి రెండు పేజీలు,
మీ మోకాలి గురించి ఒకే ఒక్క వాక్యం.
నేను మోకాలి దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఇవాళ్టినుంచే మెట్లెక్కండి.
మీ ఊళ్ళో కొండ లేదన్నారు, చర్చి గోపురం ఉందిగా.
వీపున ఇసుక మూటతో ఎక్కండి,
గంట కొట్టేవాడు మీకు పిచ్చిపట్టిందనుకునేదాకా.
దిగడం కూడా అలవాటు చేసుకోండి.
ఎక్కలేనివాడు ఇక్కడ కూలబడతాడు, అంతే.
దిగుతూ జారినవాళ్ళ పేర్లు నాకు నాలుగు తెలుసు.

ఓష్‌లో విమానం దిగాక రెండు రోజుల దారి.
ముర్గాబ్‌లో మూడు రాత్రులు ఊరికే కూర్చోవాలి.
డబ్బిచ్చి కూర్చోవడమేమిటని అడిగారు.
లేని గాలిని వెతుక్కోవడం
మీ నెత్తురు నేర్చుకునేది అప్పుడే.
తల పగిలిపోతుంది.
నిద్రలో ఊపిరి ఎటో వెళ్ళి,
ఏదో మరిచిపోయినట్టు వెనక్కొస్తుంది.
మా ఆవిడ ఉప్పు టీ పోస్తుంది. కాదనకండి.

ఇక తుపాకీ.
మీ ఇంటి దగ్గర కుదిరిన గురి ఇక్కడ అబద్ధమాడుతుంది.
గాలి పలచన, గుండు మీరనుకున్నదానికన్నా పైనుంచి పోతుంది.
వచ్చాక నల్లరాయి మీద మళ్ళీ సరిచూద్దాం.
ఆ రాయి ఒంటినిండా పరదేశీల సంతకాలే.
నూనె మాత్రం పూయకండి,
చలికి పాత తేనెలా గడ్డకడుతుంది.

మా వైపు పనులంటారా,
అనుమతి కాగితం దుషాంబేలో ఏదో బల్లమీద నిద్రపోతోంది,
మా తమ్ముడు రెండుసార్లు వెళ్ళి లేపి వచ్చాడు.
తెల్లవారుజామున జీపు కింద మంట పెట్టడానికి కొత్త రేకు చేయించాను.
జడలబర్రె పిడకలు నలభై బస్తాలు
పై గుడిసెకి చేర్చాం.
పిండి, ఉల్లిపాయలు, కొవ్వొత్తులు.
మీరడిగిన మిరియాలు ఇంకా దొరకలేదు.
రెండోరోజే మీరు ఇంటికి పోతానంటారని
వంటమనిషి కెంజెబై పందెం కాశాడు.
నేను ఎదురు కాశాను. ఒక మేక.
పరువు నాది, మోకాలు మీది.

మూడో పేజీ చివర,
ఎంత పెద్ద కొమ్ములు దొరుకుతాయి అన్నారు.
ఆ ఒక్క ముక్కకి జవాబు చెప్పడానికి వారం పట్టింది.

ఒకడున్నాడు.
కుడి కొమ్ము కొస విరిగిన కుల్జా.
నాలుగు చలికాలాలుగా దుర్భిణిలో
వాడి కొమ్ముమీద వలయాలు లెక్కపెడుతున్నాను.
పోయిన నెలకి పదకొండు.
మంద వాడిని వదిలేసిందో, వాడే మందని వదిలేశాడో.
పళ్ళు అరిగిపోయి ఉంటాయి,
ఒక్క గడ్డిపోచని పొద్దెక్కేదాకా నములుతాడు.
ఈ మంచులో తోడేళ్ళు వాడి అడుగు పోల్చుకుంటాయి.
మీరు కాకపోతే అవి.
అలా అనుకుని సర్దుకుంటాను.
ఒక్కోరాత్రి సర్దుకోలేను.

మా నాన్నకి ఆకలే లైసెన్సు.
ఏది కనబడితే అది కొట్టేవాడు, లెక్క లేదు.
నేను లెక్కపెట్టి, వేలుపెట్టి చూపిస్తాను,
ఆ వేలికి వచ్చిన డబ్బుతో మా బడిలో పొయ్యి మండుతుంది.
ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళో
బురుల్చాని అడిగితే తనకి చదువు చాల్లేదంది.

అందుకే ఒక షరతు.
నేను తలూపితేనే మీ వేలు కదలాలి.
అడ్డంగా ఊపితే, ఎంత దూరంనుంచి వచ్చినా సరే
తుపాకీ దించేయాలి.
మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది,
ఎవరి వాసన ఎవరికి మోసుకెళ్ళాలో దాని ఇష్టం.
వట్టి చేతులతో దిగినవాళ్ళకీ
ఇక్కడ అదే టీ, అదే పడక.

నిన్న పైకి వెళ్ళి గుడిసె తలుపు బిగిస్తుంటే
ఎదురుగట్టున నిలబడి చూస్తున్నాడు వాడు.
నా చేతిలో సుత్తి తప్ప ఏమీ లేదని వాడికి తెలుసు.
పళ్ళమధ్య మేకులు కరుచుకుని
కొట్టడం మరిచిపోయాను.

బూట్లు కొత్తవి తేకండి.
మీ పాదం తెలిసినవి తెచ్చుకోండి.

ఇట్లు,
తుర్దుకుల్.

మిరియాలు దొరికాయి.